రచ్చ

రెంటచింతల వేసవిని ఎఱిగినవారికి నీడ విలువను వేరుగా చెప్పనక్కరలేదు. పేరులోనే చింతను నిలుపుకొన్న ఈ పలనాటి యూర, చెట్టు మొదట రాతిబండపై కండువా పఱచుకొని, మిరప ధర మొదలు పొలముగట్టు తగవు వఱకు పెద్దలు తేల్చుకొను తావునకు రచ్చ యని పేరు. సంస్కృతమున ‘రథ్య’ యనగా రథములు పోవు వీథి. అది ప్రాకృతమున ‘రచ్ఛా’ యై, తెలుగున ‘రచ్చ’ యై, వీథి నుండి వీథిజనులు కూడు చోటికి, అచ్చటి నుండి ఆ కూటమి వాదమునకు అర్థమును మార్చుకొన్నది. ‘ఇంట గెలిచి రచ్చ గెలువు’మను సామెతలో గౌరవముతో నిలిచిన పదము నేడు ‘రచ్చ చేయుట’లో అల్లరిగా దిగజాఱుట నాకు కష్టముగా నున్నది.

రచ్చవలె జనులు కూడు చోటు పరదేశమునను కలదు. స్పెయిను దేశపు పాల్మా నగరమున 15వ శతాబ్దపు వర్తకుల కూటశాల యొకటి కలదు. సాగ్రేరా యను శిల్పి నిర్మించిన ఆ శాలలో మెలిదిరిగిన ఆఱు సన్నని స్తంభములు తాటిమ్రాకులవలె లేచి కప్పును మోయుచున్నవి. దాని పేరు ‘ల్యోజా’. ఆకుల పందిరి యను అర్థముగల ప్రాచీన జర్మానిక్ పదమే దానికి మూలము. నేడచ్చట బేరములు లేవు, కళాప్రదర్శనలు జరుగును.

పలనాటి యువకులారా, అట్లే మీ యూరి రచ్చబండపై ఒక సాయంకాలము నాలుగు చిత్రపటములు నిలిపి చూడుడు.