అప్పీలు వాదన శిక్షణ – జనార్దన్ రెడ్డి కేసు : ఒక పరిశీలన

న్యాయ కళాశాలల మూట్ కోర్టులలో విద్యార్థులకు ఇచ్చే సమస్యలు తరచుగా కల్పిత దేశాలకు, కల్పిత చట్టాలకు చెందినవై ఉంటాయి. జనగామ జిల్లా బచ్చన్నపేట వంటి ఊళ్ల నుంచి న్యాయవిద్యకు వచ్చే విద్యార్థికి అంత దూరం పోవలసిన అవసరం లేదు. అతని ప్రాంత చరిత్రలోనే అప్పీలు వాదనకు గట్టి పునాది కాగల వ్యాజ్యం ఒకటి ఉంది.

తెలంగాణ సాయుధ రైతాంగ పోరాట కాలంలో జనగామ తాలూకా నల్లగొండ జిల్లాలో భాగం. 1948 పోలీసు చర్య తరువాత ఆ జిల్లాలో హత్యానేరాల విచారణకు ప్రత్యేక ట్రిబ్యునళ్లు ఏర్పడ్డాయి. పన్నెండుమందికి 1949 ఆగస్టులో ఉరిశిక్షలు పడగా, డిసెంబరులో హైదరాబాదు హైకోర్టు వాటిని ఖాయం చేసింది. 1950 జనవరి 26న రాజ్యాంగం అమలులోకి వచ్చింది. నడుమ ఉన్నవి సుమారు ఆరు వారాలు. ముద్దాయిల ప్రాణాలు ఆ ఆరు వారాల మీదనే ఆధారపడ్డాయి.

వారి పక్షాన బ్రిటిష్ న్యాయవాది డి. ఎన్. ప్రిట్ సుప్రీంకోర్టులో వాదించారు. రాజ్యాంగానికి ముందే అంతిమమైన హైదరాబాదు హైకోర్టు తీర్పుపై 136వ అధికరణం కింద అప్పీలుకు అనుమతించే అధికారం తమకు లేదని 1950 డిసెంబరులో న్యాయస్థానం తేల్చింది. సంస్థానపు జుడీషియల్ కమిటీ ముందు అప్పటికే పెండింగులో ఉన్న అప్పీళ్లు మాత్రమే 374వ అధికరణం ప్రకారం సుప్రీంకోర్టుకు బదిలీ అయ్యాయి. వీరివి వాటిలో లేవు. వకీలు లేకుండా విచారణ సాగిందన్న అభ్యంతరంతో దాఖలైన హెబియస్ కార్పస్ పిటిషన్లు కూడా 1951 మార్చిలో వీగిపోయాయి. అమెరికాలోని పావెల్ కేసును ఉదహరించినా, వకీలు లేకపోవడం ఒక్కటే విచారణను చెల్లనిదిగా చేయదని ధర్మాసనం భావించింది.

ఈ కేసును తరగతిలో నడిపితే అప్పీలుదారు పక్షం విద్యార్థి వెట్టితో, దేశ్‌ముఖుల దౌర్జన్యంతో మొదలుపెట్టడం సహజం. ధర్మాసనం అడగవలసిన మొదటి ప్రశ్న వేరు: ఈ అప్పీలు ఇక్కడ నిలుస్తుందా? ప్రభుత్వ పక్షానికి చట్టం అనుకూలమే. కానీ వినే న్యాయస్థానమే మిగలని మనిషికి ఏం దారి అన్న ప్రశ్నకు అదీ జవాబు చెప్పాలి. వకీలు లేని విచారణ చెల్లుతుందా అన్నది మాత్రం 1949 డిసెంబరు నాటి హైకోర్టుగా కూర్చుని విచారిస్తేనే పూర్తిగా తెరుచుకుంటుంది.

బార్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా 2008 నిబంధనల ప్రకారం ఒక్కో మూట్‌కు 10 మార్కులు: 5 లిఖిత వాదనకు, 5 మౌఖిక వాదనకు. తీర్పు రాసే విద్యార్థికి ఏమీ లేవు. అందుకే ధర్మాసనంపై సాధారణంగా అధ్యాపకులో, ఆహ్వానిత న్యాయవాదులో కూర్చుంటారు. శిక్షణలోని అసలు లోపం ఇదే.

ఆ ఉరిశిక్షలు చివరకు యావజ్జీవ శిక్షలుగా మారాయి. న్యాయస్థానం తీర్పు వల్ల కాదు, ప్రభుత్వ నిర్ణయం వల్ల. మూట్ సమస్యలో ఈ విషయం చేర్చాలా వద్దా అని అధ్యాపకుడు ముందే ఆలోచించుకోవాలి. చేరిస్తే, ధర్మాసనం మీది విద్యార్థి నిశ్చింతగా అప్పీలు కొట్టివేస్తాడు.