అయ్యవారికి తోడెవరు?

కొత్త పిల్లలు హాస్టల్‌కు చేరిన మొదటి వారంలోనే మాకు ఒక సంగతి తెలిసిపోతుంది. పక్కపక్క తండాల నుంచి ఇద్దరు పిల్లలు వస్తారు. ఒకరు పుస్తకం తీసి గడగడా చదువుతారు. ఇంకొకరు తన పేరు రాయడానికే తడబడతారు. తెలివిలో తేడా ఉండదు, తేడా వాళ్లు వదిలివచ్చిన బడిలో ఉంటుంది. ఆ బడిని నడిపిన అయ్యవారికి తోడు దొరికిందా, ఒంటరిగా మిగిలారా అన్నదే అసలు ప్రశ్న. నంద్యాల, ఆళ్లగడ్డ ప్రాంతంలో ఆ తోడు ఎప్పుడు వచ్చిందో, ఎక్కడ తగ్గిందో మన యువత తెలుసుకోవాలి.

మన తాతల కాలంలో హాజరు అంటే బడి మాట కాదు. 1911 నాటి నేరస్థ తెగల చట్టం కింద ఎరుకల వంటి తెగలవాళ్లు పోలీసుల ముందు హాజరు వేయించుకోవలసి వచ్చేది. మన ఆత్మకూరు వైపు సిద్ధాపురంలో అలాంటి సెటిల్‌మెంటు ఒకటి ఉండేది. ఆ చట్టం 1952లో రద్దయింది. పోలీసు హాజరు పోయి బడి హాజరు మిగిలింది. ఆ పట్టీలో మన పిల్లల పేరు రాసి, ప్రేమగా పిలిచిన మనిషి అయ్యవారు. అందుకే ఆ మనిషి గురించి మనకు పట్టింపు ఉండాలి.

నంద్యాలలో ఉపాధ్యాయ శిక్షణ పాతదే. ఎస్‌పీజీ మిషన్ 19వ శతాబ్దం చివరలోనే ఇక్కడ ఉపాధ్యాయులను తయారుచేసింది. అయితే పాఠం చెప్పడం వేరు, బడిని నడపడం వేరు. మద్రాసు ప్రభుత్వ కాలం నుంచీ బడిపెద్ద దగ్గరికి వచ్చేది ఇన్‌స్పెక్టరు. రిజిస్టర్లు చూసి, తప్పులు రాసి వెళ్లేవారు. తనిఖీ ఉండేది గాని తోడు తక్కువ.

దేశంలో ఈ ఆలోచనను మార్చినవాళ్లలో కొఠారి కమిషన్ ముందుంది. ఒక ఉన్నత పాఠశాల చుట్టూ ఉన్న చిన్న బడులన్నీ ఒక సముదాయంగా కలిసి, ఒకదానికొకటి సాయపడాలని 1966లో చెప్పింది. మన రాష్ట్రంలో 1989 నుంచి బ్రిటన్ సాయంతో ప్రాథమిక విద్యా పథకం విస్తరించింది. దానితో ఉపాధ్యాయ కేంద్రాలు వచ్చాయి. చుట్టుపక్కల బడుల అయ్యవార్లు ఒకచోట కూర్చుని, నా బడిలో ఇలా ఉంది, నీ బడిలో ఎలా చేశావు అని మాట్లాడుకునే వీలు కలిగింది. 1996లో డీపీఈపీ మన రాష్ట్రంలో మొదట ఐదు జిల్లాల్లో మొదలైంది. వాటిలో మన ఉమ్మడి కర్నూలు ఒకటి. మండల వనరుల కేంద్రాలు, బడులు తిరిగి సలహా చెప్పే మండల రిసోర్స్ పర్సన్లు ఆ కాలంలోనే మనకు పరిచయమయ్యారు. తప్పు పట్టడానికి కాక, పక్కన కూర్చోవడానికి ఒకరు వచ్చారు.

తర్వాత తల్లిదండ్రుల వంతు వచ్చింది. 1998లో రాష్ట్రం పాఠశాల కమిటీల చట్టం తెచ్చింది. 2009 విద్యాహక్కు చట్టం ప్రకారం స్కూలు యాజమాన్య కమిటీలో నాలుగింట మూడు వంతులు తల్లిదండ్రులే ఉండాలి, సగంమంది స్త్రీలు ఉండాలి. బడి అభివృద్ధి ప్రణాళిక రాయవలసింది ఆ కమిటీయే.

అదే చట్టంలో మనవాళ్లకు ఇబ్బందైన లెక్క ఒకటి ఉంది. ప్రాథమిక బడిలో పిల్లలు 150 మందికి మించితేనే విడిగా హెడ్మాస్టరు ఉండాలంటుంది. మన తండాల్లో, నల్లమల చెంచు గూడేల్లో అంతమంది పిల్లలు ఎక్కడుంటారు? అక్కడ పాఠం చెప్పే అయ్యవారే పెద్దగానూ ఉంటారు. మండలంలో మీటింగుకు వెళ్తే ఆ రోజు ఒంటరి పంతులు బడికి దిక్కుండదు. హెడ్మాస్టరు పోస్టు ఉన్నచోట దాని పేరు కూడా గమనించండి. చాలామంది ఎల్‌ఎఫ్‌ఎల్ హెచ్‌ఎం అంటారు. లో ఫిమేల్ లిటరసీ, అంటే ఆడవాళ్ల చదువు తక్కువగా ఉండడం. 2011 జనాభా లెక్కల్లో ఉమ్మడి కర్నూలులో చదవను రాయను వచ్చిన ఆడవాళ్లు దాదాపు సగమే. ఆ పేరు మన అమ్మలు, అక్కల గురించే.

పని మాత్రం పెరుగుతూ పోయింది. 2003 నుంచి వండిన మధ్యాహ్న భోజనం వచ్చింది. బియ్యం, గుడ్ల లెక్కలు బడిపెద్ద మీద పడ్డాయి. 2019లో నాడు-నేడు మొదలయ్యాక సిమెంటు బస్తాలు, టైల్స్ బిల్లులు కూడా కమిటీతో కలిసి వాళ్లే చూసుకున్నారు. బడులు అందంగా తయారయ్యాయి, సంతోషమే. కానీ ఆ గంటలు ఎక్కడి నుంచి వచ్చాయి? మన పిల్లల పక్కన కూర్చుని చదివించే గంటల నుంచే.

బడిపెద్దకు శిక్షణ ఇవ్వడం ప్రభుత్వం పని. 2012లో ఢిల్లీలో బడి నాయకత్వం కోసం జాతీయ కేంద్రమే పెట్టారు. అయితే ఢిల్లీ శిక్షణ తండా దాకా రావడానికి చాలా దూరం. తండాలోనే ఉన్న తోడు మీరు. మీలో డిగ్రీలు చదివినవాళ్లు ఉన్నారు, ఫోన్‌లో యాప్ నింపడం వచ్చినవాళ్లు ఉన్నారు. కమిటీలో ఉన్న మీ అమ్మానాన్నలకు తీర్మానం చదివి వినిపించండి, వేలిముద్ర వేసే ముందు అందులో ఏముందో చెప్పండి. మీటింగు రోజు అయ్యవారిని అడిగి, పిల్లల చేత చదివించండి. ఇంటి భాషలో మాట్లాడే చిన్న పిల్లలకూ అయ్యవారికీ మధ్య మాట కలపండి. తప్పు కనిపిస్తే అడగండి, అడిగే హక్కు మీకుంది. కానీ ఇన్‌స్పెక్టరులా అడిగి వెళ్లిపోకండి, తోడుగా నిలబడి అడగండి.

వచ్చే జూన్‌లో మా హాస్టల్‌కు మళ్లీ కొత్త పిల్లలు వస్తారు. మీ తండా పిల్ల పుస్తకం తీసి గడగడా చదివితే, అక్కడి అయ్యవారు ఒంటరిగా లేరని మేము అనుకుంటాం.