అంజనమ్మ పెట్టిన పేరు

మద్రాసు, 1978. నటనలో శిక్షణకని రెండేళ్ల కిందట రైలెక్కి వచ్చిన గోదావరి కుర్రాడికి వేషం దొరికింది. ఇక తెర మీద ఏ పేరు వేయాలన్నదే తేలాలి.

ఇంట్లో పెట్టిన పేరు కొణిదెల శివశంకర వరప్రసాద్. 1955 ఆగస్టు 22న మొగల్తూరులో పుట్టాడు. తండ్రి వెంకట్రావు కానిస్టేబుల్, బదిలీ అయినప్పుడల్లా కాపురం మరో ఊరికి మారేది. నరసాపురం వై.ఎన్. కాలేజీ బీకాం పట్టాలోనూ ఆ పొడుగు పేరే. టైటిల్స్‌లో అంత పేరు నిలవదు. ప్రసాద్ అని కుదిద్దామంటే, ఎల్.వి. ప్రసాద్ వంటి పెద్దలు ఏలిన పరిశ్రమ అది! 

దారి చూపింది తల్లి అంజనాదేవి. ఆ ఇంట ఆంజనేయుడంటే మహా గురి. అశ్వత్థామ, బలి, వ్యాసుడు, విభీషణుడు, కృపుడు, పరశురాముడు, వీళ్లతో పాటు హనుమంతుడూ చావులేనివాడని కదా మన నమ్మకం. అందుకే చిరంజీవి అని పెట్టుకోమంది. పురాణంలో హనుమంతుణ్ని కన్నతల్లి పేరూ అంజనే. ఆ క్షణాన ఆమెకు ఆ పోలిక తట్టిందో లేదో గానీ, కొడుక్కి ఇంతకంటే తగిన పేరు మరెవరూ ఇవ్వలేరని నా నమ్మకం.

అప్పటిదాకా చిరంజీవి అంటే దీవెన. హాస్టల్లో ఉన్న కొడుక్కి తండ్రి రాసే కార్డులో మొదటి మాట అదే. శుభలేఖలో వరుడి పేరు ముందు కనిపించే ‘చి.’ కూడా అదే. ప్రతి తల్లీ తన బిడ్డను అనే మాట కాబట్టే, తెర మీద చూసిన తొలిరోజే అది పరాయి పేరనిపించలేదు జనానికి.

చిరంజీవి ముందు ఒప్పుకున్న సినిమా ‘పునాదిరాళ్లు’. ముందు విడుదలైంది మాత్రం కె. వాసు తీసిన ‘ప్రాణం ఖరీదు’, 1978 సెప్టెంబరు 22న. 1983లో ‘ఖైదీ’ ఆ పేరును ఊరూరికీ మోసుకెళ్లింది. 1985లో సినిమాకే ‘చిరంజీవి’ అని పేరు పెట్టారు. అదే ఏడాది పుట్టిన కొడుక్కి రామ్‌చరణ్ అని పెట్టుకున్నారు. హనుమంతుడి చోటు రాముడి చరణాల దగ్గరే కదా! తమ్ముడు నాగబాబు మొదలుపెట్టిన సంస్థకు అమ్మ పేరే, అంజనా ప్రొడక్షన్స్. దాని తొలి సినిమా 1988 నాటి ‘రుద్రవీణ’.

ఈలోగా తెలుగు సినీ పరిశ్రమ మద్రాసు వదిలి హైదరాబాదుకు చేరింది. ఫిల్మ్‌నగర్, జూబ్లీహిల్స్ బండరాళ్ల మధ్య స్టూడియోలు, ఇళ్లు లేచాయి. ఆ జూబ్లీహిల్స్‌లోనే చిరంజీవి బ్లడ్ బ్యాంక్ ఉంది. దాన్ని నడిపే ఆయన ఛారిటబుల్ ట్రస్టు 1998 అక్టోబరు 2న మొదలైంది. రక్తంతో పాటు నేత్రదానం పనీ చూస్తుంది. ఆయన పుట్టినరోజున అభిమానులు వరుసకట్టి రక్తం ఇస్తారు. ఆ రక్తం ఎవరికి ఎక్కుతుందో వాళ్లకు తెలియదు. ఆ రోగి ఇంట్లో ఏదో ఒక అమ్మ మాత్రం చిరంజీవ అని బిడ్డ తల నిమురుతూ ఉంటుంది.