లైబ్రరీలో మాట కలిపే ఏర్పాట్లు: ఆర్హస్ నుంచి ఫిల్మ్‌నగర్ దాకా

లైబ్రరీ అనగానే మనకు ‘నిశ్శబ్దం పాటించండి’ బోర్డే గుర్తొస్తుంది. అయితే పరిచయం లేని ఇద్దరి మధ్య మాట మొదలవ్వడానికి ఓ సాకు కల్పించే ఏర్పాట్లు ఇప్పుడు చాలా దేశాల లైబ్రరీల్లో కనిపిస్తున్నాయి. వీటినే ఇంటరాక్టివ్ ఇన్‌స్టలేషన్లు అంటున్నారు. ఇవి చూసి పోవడానికి కాదు, చెయ్యి పెట్టడానికి.

డెన్మార్క్‌లోని ఆర్హస్ నగరంలో 2015లో తెరిచిన డొక్1 లైబ్రరీలో గొట్టం ఆకారంలో ఓ భారీ గంట వేలాడుతుంది. ఆ ఊరి ఆస్పత్రిలో బిడ్డ పుడితే అమ్మానాన్నలు అక్కడే ఒక బటన్ నొక్కుతారు, ఇక్కడ లైబ్రరీలో గంట మోగుతుంది. ఎవరి బిడ్డో తెలియకపోయినా ఊళ్లోకి ఓ కొత్త ప్రాణం వచ్చిందన్న కబురు అందరికీ అందుతుంది.

అంత ఖర్చు లేనిది హ్యూమన్ లైబ్రరీ. 2000లో డెన్మార్క్‌లోని రోస్కిల్డే సంగీతోత్సవంలో మొదలైంది, 2017లో హైదరాబాద్‌కూ వచ్చింది. ఇందులో పుస్తకం అంటే మనిషే. సమాజం ఏదో ఒక ముద్ర వేసిన వ్యక్తి ఎదురుగా కూర్చుంటాడు. ‘పాఠకుడు’ మొహమాటం లేకుండా ప్రశ్నలు అడగొచ్చు. చాలా చోట్ల ‘ముస్లిం’ అన్నది కూడా ఒక పుస్తకం పేరు! మనకిది కొంచెం చివుక్కుమనిపించే మాటే. కానీ పేరు వినగానే అద్దెకు ఇల్లు లేదనే ఊళ్లో, ఆ ప్రశ్నలేవో ఎదురుగా కూర్చుని అడిగితేనే నయం కదా.

మన దగ్గర ఈ తరహా చోటుకు మంచి ఉదాహరణ జూబ్లీహిల్స్ పక్కనే బంజారాహిల్స్‌లో ఉన్న లామకాన్. ఫొటోగ్రాఫర్ మొయిద్ హసన్ ఇంటిని 2010లో అందరికీ తెరిచిన సాంస్కృతిక వేదికగా మార్చారు. అది లైబ్రరీ కాదు, యంత్రాలూ లేవు. ఓ బండరాయి, చెట్టు నీడ, చవక చాయ్, ముషాయిరా, నాటకం... మాట కలవడానికి అవి చాలు.

పబ్లిక్ లైబ్రరీల సంగతికొస్తే, 1891లో పుట్టిన కుతుబ్‌ఖానా ఆసఫియా, అదే నేటి అఫ్జల్‌గంజ్ స్టేట్ సెంట్రల్ లైబ్రరీ, ఉర్దూ, తెలుగు పుస్తకాలను ఒకే కప్పు కింద ఉంచింది. ఆ పుస్తకాలు చదివేవాళ్లను ఒకే బల్ల దగ్గర కూర్చోబెట్టడమే మిగిలిన పని.

ఫిల్మ్‌నగర్‌లో బంగళాలూ బస్తీలూ పక్కపక్కనే ఉంటాయి. లైట్‌మన్, మేకప్‌మన్, సెట్ వేసే వడ్రంగి, దుస్తులు కుట్టే దర్జీ... వీళ్లలో ఒక్కొక్కరూ ఓ పుస్తకమే. నెలకో ఆదివారం వాళ్లను లైబ్రరీలో కూర్చోబెడితే పెద్ద ఇళ్ల పిల్లలూ బస్తీ పిల్లలూ కలిసి వింటారు. ఉర్దూ, తెలుగు రెండింట్లో రాసుకునే సుద్ద బోర్డు ఒకటి గుమ్మం దగ్గర పెట్టొచ్చు. ఆడవాళ్లు పిల్లలతో వచ్చి నిశ్చింతగా కూర్చునే వేళలూ చూడాలి, లేకపోతే సగం మంది బయటే ఉండిపోతారు.

ఒక్క జాగ్రత్త. మన లైబ్రరీలకు వచ్చేవాళ్లలో ఉద్యోగ పరీక్షలకు చదివే కుర్రాళ్లు ఎక్కువ, వాళ్ల నిశ్శబ్దం వాళ్లకు ఉండాలి. కాబట్టి ఇదంతా వేరే గదిలోనో వరండాలోనో జరగాలి. డబ్బెక్కడిదంటారా? మనం కట్టే ఆస్తిపన్ను మీద రూపాయికి 8 పైసల చొప్పున లైబ్రరీ సెస్ వసూలవుతూనే ఉంది.