బాణం పొడవు, బిరుసు

సంప్రదాయ విల్లుతో గురి కుదరడం విలుకాని నేర్పుతోపాటు విల్లుకు, బాణానికి గల పొందికపై ఆధారపడి ఉంటుంది. బాణమునకు కర్ర, ములికి, ఈకలు, నారిని ఆనించే గాటు అని నాలుగు భాగాలున్నాయి. వీటిలో కర్ర పొడవును, బిరుసును ముందుగా నిర్ణయించుకోవాలి.

== పొడవు ==
చేతులు బారగా చాచి, ఒక చేతి మధ్యవేలి కొన నుండి రెండవ చేతి మధ్యవేలి కొన వరకు కొలిచి, దానిని 2.5తో భాగిస్తే నారిని లాగే పొడవు ఉజ్జాయింపుగా వస్తుంది. బార 170 సెంటీమీటర్లున్నవారికి ఇది 68 సెంటీమీటర్లు, అనగా దాదాపు 27 అంగుళాలు. ఇది తొలి అంచనా మాత్రమే. తేలికైన విల్లులో పొడవాటి బాణాన్ని సంధించి, దవడ వద్ద చేయి స్థిరపడే వరకు లాగి, విల్లు ముందు అంచు వద్ద మరొకరు గుర్తు పెట్టడం మేలైన పద్ధతి. దానికి ఒకటి రెండు అంగుళాలు కలపాలి. ఈ అదనాన్ని వృథా అనుకోరాదు. బాణం పొట్టిదైతే పూర్తిగా లాగినపుడు ములికి విల్లు వెనుకకు జారి, వదిలిన క్షణంలో విల్లు పట్టిన చేతిలోనే దిగబడే ప్రమాదముంది. ఎదిగే పిల్లలకు లాగే పొడవు మారుతూ ఉంటుంది గనుక తరచుగా కొలవాలి.

== బిరుసు ==
నారి బాణాన్ని విల్లు మధ్యకు నెట్టగా, బాణం విల్లు కర్రకు పక్కగా ఉంటుంది. అందుచేత అది వంగి, విల్లును చుట్టి, చేపవలె అటూఇటూ ఊగుతూ పోతుంది. దీనినే ఆర్చర్స్ పారడాక్స్ అంటారు. మన పౌరాణిక చలనచిత్రాలలో బాణాలు గీత గీసినట్లు పోవుట కెమెరా మహిమయే.

చెక్క బాణాల బిరుసును పాత పద్ధతిలో ఇట్లు కొలుస్తారు: 26 అంగుళాల దూరంలోని రెండు ఆధారాలపై కర్రనుంచి, నడుమ 2 పౌన్ల బరువు వ్రేలాడదీయాలి. 26ను వంపు అంగుళాలతో భాగిస్తే ఎన్ని పౌన్ల వింటికి అది తగునో తెలుస్తుంది. వంపు 0.52 అంగుళమైతే 50 పౌన్లు. కర్ర పొడుగైనా, ములికి బరువెక్కినా బాణం మెత్తనిదిగా ప్రవర్తిస్తుంది. మరీ తేలికైన బాణమూ వింటికి చేటే. వింటి ప్రతి పౌనుకు 8 నుండి 10 గ్రెయిన్ల బరువుండుట మంచిది. 40 పౌన్ల వింటికి ఇది 21 నుండి 26 గ్రాములు.

== సరిచూచుట ==
ఈకలున్న బాణాలతోపాటు ఈకలు లేని ఒక బాణాన్ని సుమారు 15 మీటర్ల నుండి వేసి చూడాలి. కుడిచేతివాటం వారికి ఈకలు లేనిది ఎడమకు పడితే బాణం బిరుసు, కుడికి పడితే మెత్తన. ఎడమచేతివాటం వారికి ఇది తారుమారు. మెత్తనైతే పావు అంగుళం చొప్పున, సురక్షిత పొడవు మిగిలేలా కోయాలి, లేదా తేలిక ములికి వాడాలి. బిరుసైతే బరువు ములికి వాడాలి. కోసినదాన్ని అతకలేము గనుక మొదట ములికి మార్చి చూచుట తెలివి. ఈకలు లేనిది పైన పడితే నారిపై గాటు నిలిపే స్థానాన్ని కొంచెం పైకి, క్రింద పడితే క్రిందికి జరపాలి. పక్కల దోషం చూచేముందే దీనిని సరిచేసుకోవాలి.

== నల్లమలలో ==
పత్తికొండకు తూర్పున నల్లమల అడవులలో నివసించే చెంచులకు విల్లమ్ములు తరతరాల పరికరాలు. హైమెన్‌డార్ఫ్ 1943లో వెలువరించిన 'ది చెంచూస్' గ్రంథం వీరిపై ముఖ్యమైన అధ్యయనం. వన్యప్రాణి సంరక్షణ చట్టం (1972) వచ్చిన తరువాత వేట నిషిద్ధమైంది. వెదురు వింటికి నేడు భారత రౌండ్ పోటీలలో స్థానముంది. వీటిలో 50, 30 మీటర్ల దూరాల నుండి గురిచూస్తారు.