రెండు సూర్యోదయాల ప్రయాణం

భూగోళం మీద రెండు చోట్ల మధ్య అతి దగ్గరి దారి, పటం మీద స్కేలు పెట్టి గీసిన గీత కాదు. భూకేంద్రం గుండా పోయే సమతలం భూమిని కోసినప్పుడు ఏర్పడే వృత్తంలోని ముక్క. మహావృత్త చాపం అనే ఈ గీత వెంబడే విమానాశ్రయాల మధ్య దూరాన్ని లెక్కిస్తారు. ఆ దూరం మారదు గాని, దాన్ని దాటడానికి పట్టే కాలం ఇంధనాన్ని బట్టి, గాలిని బట్టి, ఒక్కోసారి యుద్ధాన్ని బట్టి మారుతుందనడానికి ఆస్ట్రేలియాలోని పెర్త్‌కూ, నాటి సింహళంలోని కొగ్గలకూ మధ్య 1943-45లో నడిచిన సర్వీసు మంచి నిదర్శనం.

1942 ఫిబ్రవరిలో సింగపూర్ జపాను వశం కావడంతో లండన్-సిడ్నీ వాయుమార్గం నడిమికి తెగిపోయింది. తెగిన కొసలను కలపడానికి క్వాంటాస్ సంస్థ, నీటి మీది నుంచి లేచి నీటి మీదే వాలే కాటలీనా విమానాలు అయిదింటిని 1943లో రంగంలోకి దించింది. ఒక కొసన స్వాన్ నది, మరో కొసన కొగ్గల సరస్సు వాటికి రన్‌వేలయ్యాయి. నడుమ 5,600 కిలోమీటర్ల పైచిలుకు సముద్రాన్ని ఎక్కడా ఆగకుండా దాటాలి.

వేగం పెరిగితే ఇంధనం ఎక్కువ ఖర్చవుతుంది కనుక, ఈ విమానాలు గంటకు సుమారు 200 కిలోమీటర్ల నెమ్మది నడకతోనే సాగేవి. ఎదురుగాలి వీచిన రోజున, అదే దూరానికి 27 గంటలు పట్టేది కాస్తా 32 దాటేది. అదనపు ట్యాంకుల బరువు వల్ల ముగ్గురు ప్రయాణికులకూ, 69 కిలోల టపాకూ మించి చోటు దక్కేది కాదు. నిజానికి ఆ విమానంలో మనిషికన్నా పెట్రోలుకే మర్యాద ఎక్కువ. శత్రువు పసిగట్టకుండా రేడియో సందేశాలు పంపడం మానేశారు గనుక, చుక్కల ఎత్తును కొలిచే సెక్స్‌టంట్ అనే పరికరమే రాత్రివేళ దారి చూపాలి. దారి చూపే ఆ నక్షత్రాల పేర్లే విమానాలకూ పెట్టారు: ఆల్టెయిర్, వేగా, రైగెల్, ఆంటారెస్, స్పైకా.

ఒకే ప్రయాణంలో సూర్యుడు రెండుసార్లు ఉదయించేవాడు. అందుకే ప్రయాణికుల చేతికి ‘సీక్రెట్ ఆర్డర్ ఆఫ్ ది డబుల్ సన్‌రైజ్’ అనే ధ్రువపత్రం ఇచ్చేవారు. రహస్య సర్వీసుకు ధ్రువపత్రమేమిటన్న సందేహం ఎవరికీ వచ్చినట్టు లేదు.

1945 జూలైలో సర్వీసు ముగిసేనాటికి 271 సార్లు సముద్రాన్ని దాటినా, ఒక్క విమానమూ పోలేదు. గంటకు 900 కిలోమీటర్లు పోయే నేటి జెట్‌కు ఆ దూరం ఆరేడు గంటల పని. 2018 మార్చి నుంచి పెర్త్ విమానం ఏకంగా లండన్‌కే, సుమారు 14,500 కిలోమీటర్లు, దాదాపు 17 గంటల్లో చేరుతోంది. కాటలీనాలను మాత్రం, అమెరికా అరువు ఒప్పందం షరతుల మేరకు, యుద్ధం ముగిశాక సముద్రంలో ముంచేశారు.