రూట్ కెనాల్ సిట్టింగుల మధ్య నొప్పి

రూట్ కెనాల్ చికిత్స మొదలయ్యాక కొన్ని గంటల నుంచి రెండు మూడు రోజుల లోపు పంటిలో భరించలేని పోటు గానీ వాపు గానీ వచ్చి, ఇచ్చిన తేదీకి ముందే డాక్టరు దగ్గరకు వెళ్లాల్సి రావడాన్ని దంతవైద్యులు ఫ్లేర్-అప్ అంటారు. సిట్టింగ్ తర్వాత ఒకటి రెండు రోజులు ఉండే సలుపు సహజమే, అది ఫ్లేర్-అప్ కాదు. 1992లో వాల్టన్, ఫౌవాద్ ప్రచురించిన అధ్యయనంలో సుమారు 3 శాతం సిట్టింగుల తర్వాత ఫ్లేర్-అప్ ఎదురైంది.

కారణాలు

ముఖ్య కారణం బ్యాక్టీరియా. ఫైలు అనే సన్నని పనిముట్టుతో పంటి వేరులోని కాలువను శుభ్రం చేసేటప్పుడు చచ్చిన పల్పు (పంటి లోపలి మెత్తని కణజాలం), బ్యాక్టీరియా వేరు కొన దాటి బయటికి పోతే అక్కడ ఇన్‌ఫ్లమేషన్ రేగుతుంది. చుట్టూ గట్టి ఎముక కావడంతో ఒత్తిడి తగ్గే దారి లేక పోటు పెరుగుతుంది. కాలువ పూర్తిగా శుభ్రపడకపోయినా, పై దవడ మొదటి మోలార్‌లో (నమిలే పెద్ద పంటిలో) తరచుగా ఉండే నాలుగో కాలువ దొరక్కపోయినా ఇన్ఫెక్షన్ మిగిలిపోతుంది. ఫైలు గానీ, కాలువ కడిగే సోడియం హైపోక్లోరైట్ గానీ కొన దాటినా, తాత్కాలిక సిమెంటు కాస్త ఎత్తుగా ఉండి నమిలినప్పుడల్లా ఆ పంటి మీదే బరువు పడినా నొప్పి వస్తుంది. చికిత్సకు ముందే నొప్పి ఉన్నవారికి ఈ ముప్పు ఎక్కువ.

చికిత్స

ముందుగా కారణం కనుక్కోవాలి. రంగు కాగితం కొరికిస్తే ఎత్తుగా ఉన్న చోట మచ్చ పడుతుంది. అక్కడ అరగదీస్తే చాలామందికి ఉపశమనం కలుగుతుంది. లోపల ఇన్ఫెక్షన్ ఉంటే మత్తు ఇచ్చి పన్ను తెరిచి, వేరు పొడవు మళ్లీ కొలిచి, కాలువలు కడిగి, చీముంటే తీసి, కాల్షియం హైడ్రాక్సైడ్ అనే మందు పెట్టి మూసేస్తారు. పంటిని రోజుల తరబడి తెరిచి వదిలేస్తే నోటిలోని బ్యాక్టీరియా కాలువలోకి చేరుతుంది. చిగురు మెత్తగా ఉబ్బితే చిన్న గాటు పెట్టి చీము తీస్తారు.

నొప్పికి ఐబుప్రొఫెన్, పారాసెటమాల్ కలిపి వాడితే విడివిడిగా వాడినప్పటి కంటే బాగా పనిచేస్తాయి. కడుపులో అల్సర్, కిడ్నీ జబ్బు ఉన్నవారు, గర్భిణులు ఐబుప్రొఫెన్ వాడేముందు డాక్టరును అడగాలి. మెడికల్ షాపులో అడిగి తెచ్చుకునే యాంటీబయాటిక్ ఈ నొప్పిని తగ్గించదు. జ్వరం ఉన్నా, వాపు ముఖం మీదికి పాకుతున్నా మాత్రమే దాని అవసరం ఉంటుంది. నోరు తెరవలేకపోయినా, మింగడం, ఊపిరి కష్టమైనా వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి.

ఫలితం

ఫ్లేర్-అప్ వచ్చినంత మాత్రాన చికిత్స విఫలమైనట్టు కాదు. దీర్ఘకాలంలో పన్ను నిలవడానికి ఇది అడ్డం కాదని అధ్యయనాలు చెబుతున్నాయి. నొప్పికి భయపడి పన్ను పీకించుకోవడం, తగ్గింది కదా అని మిగతా సిట్టింగులు మానేయడం రెండూ నష్టమే.